అమ్మ పేరున రెండు కోట్లు: మండలంలో పిల్లలకు ఎలా ఇస్తే అందుతుంది?

మీరు రాసింది ఇదీ. అమ్మగారు కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు, పోయిన ఏడాది కాలం చేశారు. కొబ్బరితోట అమ్మగా వచ్చిన దాంట్లో రెండు కోట్లు ఆవిడ పేరున మండలంలోని పిల్లలకు ఖర్చు పెట్టాలని మీ ముగ్గురి కోరిక. అక్కయ్య డాలస్‌లో, అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. అన్నయ్య న్యూజెర్సీలో గ్రీన్‌కార్డు మీద ఉన్నారు. మీరు హైదరాబాద్‌లో. బంధువులు అనాథాశ్రమం కట్టమంటున్నారు, ఊళ్ళో పెద్దలు బడికి ముఖద్వారం కట్టించమంటున్నారు. ట్రస్టు పెట్టాలా, ఎవరికివ్వాలి, ఇచ్చింది సరిగ్గా వాడుతున్నారని ఎలా తెలుస్తుంది అని మీ ప్రశ్నలు.

ఓ కుటుంబ ట్రస్టుకి వచ్చే దరఖాస్తులు చదవడం, ఆ ఊళ్ళకి వెళ్ళి చూడటం, ఇవ్వొచ్చో లేదో ట్రస్టీలకు చెప్పడం చాలా ఏళ్ళుగా నా పని. కాబట్టి నా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాను. కొత్తగా ఏదీ కట్టకండి. మీ చుట్టుపక్కల ఇప్పటికే పిల్లల కోసం పనిచేస్తున్నవాళ్ళని వెతికి పట్టుకోండి. వాళ్ళ జీతాలకీ, రోజువారీ ఖర్చులకీ కనీసం మూడేళ్ళపాటు ఆపకుండా ఇవ్వండి.

జీతాలకి అనగానే చాలామంది దాతలు వెనకాడతారు. “పుస్తకాలిస్తాం, బెంచీలిస్తాం, జీతాలు మాత్రం మీరే చూసుకోండి” అన్న మాట నేను వినని ఏడాది లేదు. కానీ పిల్లల సేవ అంటేనే ఎవరో ఒక మనిషి రోజూ వచ్చి చేసే పని. చదవలేకపోతున్న నాలుగో తరగతి పిల్లని పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనిషి కావాలి. బడి మానేసినవాడి ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడటానికి మనిషి కావాలి. గదులూ, ప్రహరీలూ, మరుగుదొడ్ల మాటకొస్తే ఆంధ్రలో 2019 నుంచి నాడు–నేడు కింద, తెలంగాణలో 2022 నుంచి మన ఊరు – మన బడి కింద ప్రభుత్వమే డబ్బు పెట్టింది. కొన్ని చోట్ల పూర్తయ్యాయి, కొన్ని చోట్ల సగంలో ఆగాయి. ఆగిన పని పూర్తి చేయించాలంటే గ్రామస్థులంతా కలిసి అడగాలి. ఆ భారాన్ని అమ్మగారి డబ్బు మీద పెట్టకండి.

మీ డబ్బు ఎంతవుతుందో ఓసారి లెక్క చూద్దాం. రెండు కోట్లు ఏడు శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి పద్నాలుగు లక్షలు. ముఖద్వారం, ప్రహరీ కట్టడం మొదలెడితే మొదటి రెండేళ్ళ వడ్డీ అందులోనే కరిగిపోతుంది. అదే పద్నాలుగు లక్షలతో మూడు నాలుగు చిన్న పనులను ఏడాది పొడుగునా నిలబెట్టవచ్చు. ఇంకో సంగతీ గుర్తుంచుకోండి. ధరలు ఏటా ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్ళకి ఆ పద్నాలుగు లక్షల విలువ సగమవుతుంది. అసలు ముట్టుకోకుండా ఎప్పటికీ నడవాలా, లేక పదిహేనేళ్ళలో అసలుతో సహా పిల్లల మీదే ఖర్చుపెట్టి ముగించాలా అన్నది ముగ్గురూ ముందే మాట్లాడుకోండి. నేనైతే రెండో దానికే ఓటేస్తాను. ఈవేళ ఐదేళ్ళున్న పిల్ల పదిహేనేళ్ళ తర్వాత వచ్చే వడ్డీ కోసం ఆగలేదు.

ఎలాంటి పనికివ్వాలో ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. చాలామంది దాతలకి అవి ఉన్నట్టే తెలీదు. నేను చూసిన ఒకటి, బడి ఆవరణలో ఓ మూల గది. గోడకి నిలువుటద్దం, దాని ఎదురుగా పిల్లలు పట్టుకుని నడవడానికి రెండు ఇనప కమ్మీలు, కింద నీలం రంగు చాపలు. సహిత విద్య టీచరుగారు రోజూ ఉంటారు. ఫిజియోథెరపీ డాక్టరు వచ్చేది మాత్రం వారానికి ఒక్క రోజు. ఆ రోజు వచ్చిన పిల్లలు నలుగురే. హాజరు పట్టీ తిరగేస్తే పేర్లు చాలా ఉన్నాయి, గడులు మాత్రం ఖాళీ. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడేళ్ళ కొడుకుని చంకనేసుకుని వచ్చిన తల్లిని అడిగితే, “చిన్నప్పుడు బస్సులో తెచ్చేదాన్నండి. ఇప్పుడు బరువెక్కాడు, కండక్టరు ఆగడు. ఆటోకి రానూపోనూ మూడొందలు, ఆ పూట కూలీ పోయె” అంది. అక్కడ గది ఉంది, పరికరాలున్నాయి, టీచరున్నారు. లేనిది ఆటో. రవాణా భత్యం పథకంలో ఉంది గానీ, అది చేతికందే వేళకి విద్యా సంవత్సరం సగం అయిపోతుంది.

ఆ మండలంలో పనిచేసే ఓ చిన్న సొసైటీకి మేమిచ్చిన గ్రాంటు ఇంతే: థెరపీ రోజున మూడు దారుల్లో ఆటోలు, వారానికి ఇంకో రోజు ప్రైవేటు ఫిజియో ఫీజు, ఫోన్లు చేసి పిల్లలని పోగు చేసే ఓ అమ్మాయికి జీతం. దీనికి ఏ శంకుస్థాపనా ఉండదు, ఫొటో తీయడానికేమీ ఉండదు. కానీ ఖాళీ గడులు నిండాయి. మీ మండలంలో అడగాల్సిన ప్రశ్న ఇలాంటిదే: ప్రభుత్వం ఇప్పటికే చాలావరకు పెట్టి, చివరి కాస్త దగ్గర ఆగిపోయింది ఎక్కడ? 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) వల్ల అంగన్‌వాడీ ప్రతి ఊళ్ళో ఉంది. అక్కడ ఆయా రాని రోజున ఏమవుతోందో చూడండి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. శాఖా గ్రంథాలయం సాయంత్రం బడి వదిలాక తెరిచి ఉంటోందా, అందులో పిల్లల పుస్తకాలున్నాయా అని చూడండి. సంక్షేమ హాస్టల్లో రాత్రి చదువుకి ఎవరైనా ఉంటున్నారా? మీ కోనసీమలోనే, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టారు. ఈవేళ రాష్ట్రంలో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ భోజనం ప్రభుత్వం పెడుతోంది. సాయంత్రం ఆరింటికి ఆ పిల్లలకేం దొరుకుతోందన్నది మీరు చూడాల్సిన విషయం.

అనాథాశ్రమం గురించి మాత్రం గట్టిగా వద్దంటాను. హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం, భర్త వదిలేయడం, తాగుడు, వలస, ఇలాంటి కారణాలతో అక్కడికి చేరతారు. పిల్లల్ని సంస్థలో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని 2015 బాల న్యాయ చట్టం చెబుతోంది. ఆ చట్టం కింద నమోదు లేకుండా హోము నడిపితే ఏడాది వరకు జైలు గానీ, లక్షకి తక్కువ కాకుండా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ఇరవై మంది పిల్లలకి రాత్రీ పగలూ బాధ్యత వహించడమంటే వార్డెన్, వంట, వైద్యం, భద్రత, ఆడపిల్లల విషయంలో ఇంకా రెట్టింపు జాగ్రత్త. ఊరికి దూరంగా ఉన్న మీ ముగ్గురు తోబుట్టువులు చేయగలిగింది కాదు. దానికి బదులు, పిల్ల ఇంట్లోనే ఉండి చదువుకునేలా తల్లికి ఊతమివ్వండి. కేంద్రం మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకి నెలకు నాలుగు వేలు స్పాన్సర్‌షిప్ ఇస్తుంది. దానికి ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ అధికారి దాకా వెళ్ళలేని తల్లులు ఎంతమందో. వాళ్ళ వెంట తిరిగి కాగితాలు చేయించే ఒక్క మనిషికి మీరు జీతమిస్తే, మీరిచ్చేదానికి ఎన్నో రెట్లు ప్రభుత్వ సొమ్ము ఆ ఇళ్ళకి చేరుతుంది. నాకు తెలిసిన గ్రాంట్లలో ఇంత ఫలితమిచ్చేవి తక్కువ.

ఇక ట్రస్టు సంగతి. వెంటనే పెట్టకండి. మొదటి రెండేళ్ళు డబ్బు బ్యాంకులోనే ఉంచి, వడ్డీని మీ వ్యక్తిగత విరాళంగా రెండు మూడు సంస్థలకి ఇచ్చి చూడండి. వడ్డీ మీద పన్ను పడుతుంది, నిజమే. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి విరాళాల మీద ఇచ్చే 80జీ పన్ను మినహాయింపు కూడా రాదు. అయినా ఆ రెండేళ్ళలో మీకేది ముఖ్యమో, ముగ్గురికీ ఎక్కడ పొసగదో తెలుస్తుంది. అప్పుడు రాసే ట్రస్టు దస్తావేజు వేరేగా ఉంటుంది.

పెట్టాక పాటించాల్సినవి ఆడిటరుగారు చెబుతారు గానీ, ఇతరులకి గ్రాంట్లిచ్చే ట్రస్టుకి ప్రత్యేకంగా తగిలేది ఒకటుంది, అది చాలామంది చెప్పరు. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు ఏటా ఆదాయంలో 85 శాతం ధర్మకార్యానికి వాడాలి. మనం స్వయంగా ఖర్చుపెడితే రూపాయికి రూపాయి లెక్కలోకొస్తుంది. ఇంకో నమోదైన ట్రస్టుకి విరాళంగా ఇస్తే మాత్రం 2023 సవరణ తర్వాత అందులో 85 శాతమే లెక్క. అంటే పద్నాలుగు లక్షల ఆదాయంలో 11.9 లక్షలు వాడినట్టు చూపాలంటే, గ్రాంట్ల రూపంలో మొత్తం పద్నాలుగు లక్షలూ ఇచ్చేయాలి. వెనక్కి దాచుకుందామనుకున్న పదిహేను శాతం మిగలదు. బడ్జెట్ వేసేటప్పుడే ఇది చూసుకోండి. మీరిచ్చే మూలధనం కార్పస్ (ట్రస్టు మూలనిధి) అని చెక్కుతోపాటు ఉత్తరం రాసి ఇవ్వడం మర్చిపోవద్దు. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. మనవాళ్ళు మాత్రం 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు నమోదు), 80జీ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

అక్కయ్య వాటా విషయం అన్నిటికంటే జాగ్రత్తగా చూడాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం, డబ్బు ఏ దేశానిదన్నది కాదు, ఇచ్చే మనిషి ఏ దేశ పౌరులన్నది చూస్తారు. అన్నయ్య గ్రీన్‌కార్డు మీద ఎన్నేళ్ళున్నా, భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అక్కయ్యకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నా, తోట అమ్మగా వచ్చిన రూపాయలే ఇక్కడి ఖాతాలోంచి ఇచ్చినా, అది విదేశీ విరాళమే. అన్నయ్య అక్కడ పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి ఆయనదీ అంతే. “తన వాటా తమ్ముడికి రాసేస్తుంది, తమ్ముడు ట్రస్టుకిస్తాడు” అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పిల్లల పేరు మీద పెట్టే సంస్థ మొదటి రోజే అలాంటి అడ్డదారిలో నడవకూడదు.

మీ ట్రస్టుకే ఎఫ్‌సీఆర్‌ఏ తెచ్చుకుందామా అంటే, మామూలుగా మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో అసలు కార్యక్రమాల మీద పదిహేను లక్షల ఖర్చు చూపాలి. అది తెచ్చుకున్నా మీకు ఉపయోగం లేదు. 2020 సవరణతో విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడం పూర్తిగా నిషేధం. గ్రాంట్లివ్వడమే పనిగా ఉన్న ట్రస్టు ఆ డబ్బుతో ఏమీ చేయలేదు. అందుకని అక్కయ్యకి వేరే దారి: సొంత ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉన్న సంస్థని మీరు ఎంచుకున్నవాటిలో ఒకటిగా పెట్టుకుని, దానికి ఆవిడ నేరుగా ఇవ్వొచ్చు. డబ్బు ఆ సంస్థకి ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే వెళ్ళాలి. అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే ఇక్కడి సంస్థకి నేరుగా ఇస్తే రాదు. అక్కడి పన్ను చట్టం కింద సేవాసంస్థగా 501సీ3 గుర్తింపు ఉన్న సంస్థ ద్వారా పంపాలి. అప్పుడు ముగ్గురూ ఒకే పనికి రెండు దారుల్లో ఇచ్చినట్టవుతుంది.

సంస్థని ఎలా ఎంచాలి? కాగితాలతో మొదలెట్టండి: మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు, 12ఏ, 80జీ, పాలకవర్గంలో ఎవరెవరికి బంధుత్వముందో చెప్పే జాబితా. హాస్టలో హోమో నడుపుతుంటే బాల న్యాయ చట్టం నమోదు పత్రం. ఇవి లేకపోతే అక్కడితో ఆపేయొచ్చు. ఉన్నంత మాత్రాన మంచి సంస్థ అని కాదు. వెళ్ళి చూడండి, దండలూ స్వాగత గీతాలూ ఉండే రోజున మాత్రం వెళ్ళకండి. మామూలు మంగళవారం వెళ్ళి, డైరెక్టరు గదిలో కాకుండా వంటగది దగ్గర కూర్చోండి. ఆయాని, డ్రైవర్ని, కిందటేడు మానేసిన టీచర్ని మాట్లాడించండి. జీతం ఏ తారీకుకి పడుతుందని అడగండి. నెల మొదటివారంలో అని తడుముకోకుండా చెప్పారంటే ఆ సంస్థలో సగం విషయాలు బాగున్నట్టే. పిల్లల నోటు పుస్తకాలు తిరగేయండి, టీచరు ఎర్ర సిరా ఎన్నాళ్ళ కిందటిదో చూడండి. పిల్లలతో పెద్దవాళ్ళెవరైనా ఒంటరిగా గదిలో ఉండే పరిస్థితి ఉందా, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో పిల్లలకి తెలుసా, గోడ మీద బాలల హెల్ప్‌లైన్ నంబరు 1098 రాసి ఉందా, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద ఫిర్యాదు చేయడం తమ విధి అని సిబ్బందికి తెలుసా అని అడగండి. ఇక్కడ నీళ్ళు నమిలిన సంస్థకి నేనెప్పుడూ ఇవ్వమని రాయలేదు, మిగతా పని ఎంత బాగున్నా సరే.

మీ పని ప్రభుత్వ బడిలోనో అంగన్‌వాడీలోనో జరిగేదైతే ఎంఈవో (మండల విద్యాధికారి) లేదా సీడీపీవో (అంగన్‌వాడీలు చూసే శిశు అభివృద్ధి పథక అధికారి) నుంచి రాతపూర్వక అనుమతి, బడి కమిటీ తీర్మానం తీసుకోమని సంస్థకి చెప్పండి. మాట ఇచ్చిన అధికారి వచ్చే నెల బదిలీ అయిపోవచ్చు. కొత్తాయన ముందు పెట్టడానికి కాగితం ఉండాలి. సిబ్బంది చేతికి నేరుగా డబ్బివ్వకండి.

గ్రాంటు ఉత్తరం రెండు పేజీలు దాటక్కర్లేదు. ఏ పనికి, ఎంత, ఏ నెలల్లో ఏ వాయిదా, డబ్బు మిగిలితే ఏం చేయాలి, ఏ పరిస్థితిలో ఆపేస్తారు. ఆడిట్, కరెంటు, అద్దె, అకౌంటెంటు లాంటి ఖర్చులకి ఓ పదిహేను శాతం కలిపి ఇవ్వండి. అవి లేకుండా సంస్థ నడవదు, అడగడానికి వాళ్ళు భయపడతారు. రిపోర్టు మూడు నెలలకోసారి, తెలుగులో, ఒక పేజీ చాలు: ఎంతమంది వచ్చారు, ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు, ఖర్చెంత. ఐదు లక్షలకి నలభై గడుల ఎక్సెల్ షీటు అడిగితే, పిల్లలతో ఉండాల్సిన మనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఇబ్బందులు రాస్తే గ్రాంటు ఆగదని మొదటి సమావేశంలోనే చెప్పండి, తర్వాత అలాగే నడుచుకోండి. పిల్లల ఫొటోలు మీ కుటుంబ వాట్సాప్ గ్రూపుకి కూడా అడగకండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

బంధువుల నుంచి వచ్చే అభ్యర్థనలకి వేరే ఏర్పాటు చేసుకోండి. మేనత్తగారి మనవడి ఫీజు కట్టాలనిపిస్తే సొంత జేబులోంచి కట్టండి. ట్రస్టీలకీ వాళ్ళ దగ్గరివాళ్ళకీ ట్రస్టు డబ్బుతో లాభం కలిగితే పన్ను మినహాయింపు దెబ్బతింటుంది. “మన కులం పిల్లలకి స్కాలర్‌షిప్” అనే మాట కూడా ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. ఫలానా కులానికో మతానికో ప్రయోజనం అని పెట్టిన ట్రస్టుకి మినహాయింపు రాదు, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటికి చట్టమే వెసులుబాటిచ్చింది. చట్టం సంగతి అలా ఉంచండి. అమ్మగారి తరగతిలో ఊరి పిల్లలందరూ కూర్చుని ఉంటారు కదా.

దస్తావేజు రాయించేటప్పుడు ఆశయాల పేరా మీద ఎక్కువ సేపు కూర్చోండి. మన జిల్లాల్లో తాతముత్తాతలు సత్రాలకి రాసిన పొలాలు ఎన్నున్నాయో మీకు తెలుసు. ఫలానా తిథిన ఫలానా బాటసారులకి భోజనం అని మరీ ఇరుకుగా రాశారు. బాటసారులు రావడం మానేశారు, వారసులు చెదిరిపోయారు, చాలా పొలాలు దేవాదాయ శాఖ అజమాయిషీలోకి వెళ్ళాయి. మీరు “పిల్లల ఆరోగ్యం, పోషణ, చదువు, రక్షణ” అని విశాలంగా రాయండి, ఊరి పేరు పెట్టినా “మరియు పరిసర మండలాలు” అని చేర్చండి. మూసేస్తే మిగిలింది ఇలాంటి ఆశయాలున్న ఇంకో ధార్మిక సంస్థకే చెందాలని రాయించండి. 1987 దేవాదాయ చట్టం ధార్మిక సంస్థలని కూడా పరిధిలోకి తీసుకుంటుంది, అది మీకెంతవరకు వర్తిస్తుందో రిజిస్ట్రేషన్‌కి ముందే న్యాయవాదిని అడగండి. ముగ్గురు తోబుట్టువులే కాకుండా కుటుంబం బయటి మనిషి ఒకరు, వీలైతే అమ్మగారితో పనిచేసిన టీచరు, ట్రస్టీగా ఉంటే మీ మధ్య మాట తేడా వచ్చినప్పుడు మేలు.

సంక్రాంతికి అక్కయ్యా అన్నయ్యా వస్తున్నారన్నారు. పండగ సెలవుల్లో బడులూ భవిత కేంద్రమూ మూసి ఉంటాయి కాబట్టి ఓ వారం ముందే రమ్మనండి. ఈలోగా మీరు ఎంఈవో, సీడీపీవో, పీహెచ్‌సీ డాక్టరుగారు, ఇద్దరు ముగ్గురు అంగన్‌వాడీ టీచర్లని విడివిడిగా కలిసి, ఎక్కడ ఏది ఆగిపోయిందో రాసుకుని ఉంచండి. ముగ్గురూ కలిసి నాలుగైదు చోట్లు చూశాక జాబితా ఇక్కడ రాయండి. ఆ సంస్థల ఆడిట్ రిపోర్టుల్లో ఏం చూడాలో అప్పుడు చెబుతాను.